పన్నెండు గంటల సెగ

"పన్నెండు కొట్టేదాకా టైమిస్తున్నాను, కోదండం గారూ. ఆ తర్వాత ఆ మనిషిని నెల్లూరు జైలుకు పంపించేస్తాను. అప్పుడు మాత్రం మీరు అడ్డం రాకూడదు."

ఆత్మకూరు సర్కిల్ ఇన్‌స్పెక్టరు రాజమోహన్ ఈ మాట అనేసరికి స్టేషన్ గోడ గడియారంలో తొమ్మిదిన్నర అయింది. డిటెక్టివ్ కోదండం బల్ల మీద ఉన్న వస్తువును భూతద్దంలోంచి చూస్తున్నాడు. అరచెయ్యంత అల్యూమినియం ముక్క అది. ఒక చివర బోల్టులు పట్టే రెండు రంధ్రాలు, రెండో చివర ఉక్కుతీగ తగిలించే పెద్ద కన్నం ఉన్నాయి. ఆ కన్నం దగ్గరే ముక్క రెండుగా విరిగింది.

ఉదయగిరి కొండ మీద సర్కారు వారి కోసం రెండు వైర్‌లెస్ స్తంభాలు నిలబెడుతున్నారు. ఒక్కో స్తంభాన్ని నాలుగు దిక్కులా నాలుగు తీగలు పట్టి నిలపాలి. ప్రతి తీగ కింది కొస, బండకు బిగించిన ఇలాంటి ముక్కకు తగిలించి ఉంటుంది. కూలీలు దాన్ని చెవి అంటారు. సామానంతా భుజాల మీద కొండెక్కించాలి, పైగా వానకు తుప్పు పట్టకూడదు. అందుకని యుద్ధంలో పాడైన విమానాల రెక్కల్ని వేలంలో కొని కరిగించేవాళ్ళ చేత చెవులు చేయించారు. 1955 మే నెలలో, పోయిన గురువారం పొద్దున పది నలభైకి, ఆకు కూడా కదలని వేళ, మొదటి స్తంభం చెవి విరిగింది. స్తంభం కూలి ఓవర్సీరు పెంచలయ్య దాని కింద ప్రాణం విడిచాడు. ఆయన భార్య రాఘవమ్మ నెల్లూరు నుంచి కోదండాన్ని పిలిపించింది. ఇవాళ సోమవారం.

"చేసిన మనిషి ఉదయగిరి వరదమ్మ," అన్నాడు రాజమోహన్. "పోత పోసిన దిమ్మల్ని పన్నెండు గంటలు కొలిమిలో ఉంచి, ఆ తర్వాతే సమ్మెట వెయ్యాలని ఒప్పందం. ఆమె అంతసేపు ఉంచలేదని కాంట్రాక్టరు శ్రీమన్నారాయణ గారు ఫిర్యాదు రాసిచ్చారు. చెవి విరిగిందంటే ఉంచలేదనే గదా అర్థం? ఇందులో డిటెక్టివ్‌లకు పనేముంది?"

"పెంచలయ్య శుక్రవారం ఒక రిపోర్టు ఇవ్వాల్సి ఉంది. గురువారం చచ్చిపోయాడు. ఆ రిపోర్టు కాగితాలు ఆయన గుడారంలో లేవు. రాఘవమ్మ గారు మీకీ సంగతి చెప్పలేదా?"

"ఏడుస్తున్న ఆడమనిషి లక్ష చెప్తుంది."

"పోనీ, ఏడవని ఆడమనిషిని అడుగుదాం. వరదమ్మను పిలవండి."

వరదమ్మకు నలభై అయిదేళ్లుంటాయి. చేతుల మీద పాత కాలిన మచ్చలు, నుదుట బొట్టు లేదు. గుడ్డమూట ఒకటి చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది. కోదండం విరిగిన ముక్క ఆమె చేతికిచ్చాడు. ఆమె విరిగిన చోటు వెలుతురుకు తిప్పి చూసింది. బొటనవేలితో రాసింది.

"ఇది నాది కాదు సార్."

రాజమోహన్ పెద్దగా నవ్వాడు. "ఈ స్టేషన్లో ఆ మాట అనకుండా ఒక్కడూ లోపలికి పోలేదు."

"నవ్వుకోండి సార్. విరిగిన చోట చూడండి. పటికబెల్లం పలుకుల మాదిరి మెరస్తా ఉండాది. పలుక్కీ పలుక్కీ నడమ నల్లగీత. నా చెవి విరగదు. విరగ్గొట్టాలని పంతం పట్టి విరగ్గొట్టినా, లోపల బూడిదరంగులో నార తీసినట్టు ఉంటాది."

"ఎందుకలా?" అన్నాడు కోదండం. కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఈ రెక్కల లోహంలో రాగి కలిపి ఉంటాది సార్. కరిగించి పోత పోసినామా, గడ్డకట్టేటప్పుడు రాగి సమంగా ఉండదు. పలుకుల సందుల్లో పోయి గూడు కట్టుకుంటాది. దిమ్మను వేడి చేస్తే ఆ సందులు అన్నిటికన్నా ముందు మెత్తబడతాయి. అప్పుడు సమ్మెట ఏస్తే ఏమైతాది? సందు సందూ విచ్చుకుంటాది. అందుకని ముందుగా సెగలో నానబెట్టాల. పప్పు నానబెట్టి రుబ్బడానికీ, నానబెట్టకుండా రుబ్బడానికీ తేడా లేదా? పన్నెండు గంటలు ఒకే సెగలో ఉంటే రాగి మెల్లమెల్లగా పలుకు లోపలికి ఇంకిపోతాది."

"ఒకే సెగ అని నీకెట్లా తెలుస్తుంది? ఉష్ణమాపకం ఉందా?" అని అడ్డు తగిలాడు ఇన్‌స్పెక్టరు.

"ఎండిన సరుగుడు పుల్ల ఉండాది. దిమ్మ మీద రాస్తే గోధుమరంగు గీత పడాల. నల్లగా మాడితే సెగ ఎక్కువ, గీత పడకపోతే తక్కువ. గంటకు నాలుగుసార్లు రాస్తాను. ఇనుమైతే ఎర్రబడి చెప్తాది, ఇది ఎర్రబడదు. చెప్పా పెట్టకుండా కారిపోతాది."

గంటకు నాలుగంటే పన్నెండు గంటలకు నలభై ఎనిమిది గీతలు! కోదండం ఆమె చేతుల వైపు మరోసారి చూశాడు. పట్నాల్లో పెద్ద ఫ్యాక్టరీలు యంత్రాలు పెట్టి చేసే పనిని ఈమె పుల్ల పట్టుకుని చేస్తోంది.

"ఆ తర్వాత?"

"తీసి గాలికి పెట్టకూడదు. కొలిమిలోనే బూడిద కప్పి, తెల్లారేదాకా నిదానంగా ఆరనియ్యాల. గబుక్కున ఆర్పితే దిమ్మ మొండికేస్తాది, మళ్ళీ వేడి చేసినా సమ్మెటకు లొంగదు. నిదానంగా ఆరితే సగం దెబ్బకే వంగుతాది. ఆకారం వచ్చినాక మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచితే, నాలుగు రోజులకు దానంతట అదే గట్టిపడతాది."

"ఎవరు నేర్పారమ్మా?"

"మా ఇంటాయన యుద్ధంలో విమానాలు బాగుచేసే షెడ్లో పనిచేసినాడు. ఆయన చెప్పింది సగం. ఆయన పోయినాక మొదటేడు నేను కొట్టిన దిమ్మల్లో పదకొండు పగిలినాయి. మిగతా సగం అవి చెప్పినాయి."

చెప్పి ఆమె మూట విప్పింది. లోపల పిడికెడంత దిమ్మలు రెండున్నాయి, చూడడానికి కవల పిల్లల్లా.

"ఒకే మూసలో, ఒకే పోతలో తీసినవి సార్. దారం కట్టింది పన్నెండు గంటలు నానింది. కట్టనిది పచ్చి పోత. ఇవే నా సాక్షులు. నా మాట నమ్మొద్దు, వీటినే అడగండి."

కోదండం లేచి నిలబడ్డాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ చుట్టుపక్కల విమానాల లోహం కరిగించే షాపులు ఎన్ని ఉన్నాయి?"

"రెండే. ఈమెది, ఇక్కడ బస్టాండు వెనకాల మల్లికార్జునంది. ఇద్దరూ ఒకే వేలంలో కొన్నారు."

"పదండి మరి. మన పన్నెండు ఇంకా కొట్టలేదు."

* * *

మల్లికార్జునం షాపులో అప్పుడు బండి ఇరుసు సాగుతోంది. ఆయన సమ్మెట దించాడు. ముప్పయ్యేళ్లుగా ఇనుము కొట్టిన భుజాలు. ఇన్‌స్పెక్టర్ని చూసి చేతులు తుడుచుకున్నాడు, వరదమ్మను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఈ చెవి మీ షాపులో తయారైందా?" కోదండం సూటిగా అడిగాడు.

"నాకేం సంబంధం? చెవుల పని ఆమెకిచ్చినారు. నేను గిన్నెలకు పోత పోసుకుంటా ఉండా, అంతే. ఆ లోహానికి సమ్మెట పెట్టలేదు, ఆకురాయి పెట్టలేదు."

కోదండం షాపంతా ఒకసారి తిరిగాడు. కొలిమి, తిత్తి, దాగలి, గోడకు వరసగా వేలాడుతున్న ఆకురాళ్ళు. ఆరింటినీ ఒక్కొక్కటిగా కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశాడు. నాలుగోదాని దగ్గర ఆగి, జేబులోంచి గుండుసూది తీసి, ఆకురాయి పళ్ళ మధ్య గీకాడు. కాగితం మీద తెల్లగా మెరిసే పొడి రాలింది.

"ఇనుము రజను నల్లగా ఉంటుంది, మల్లికార్జునం. విదిలిస్తే రాలిపోతుంది. పళ్ళలో ఇరుక్కుని తెల్లగా మెరిసేది అల్యూమినియం. ఆకురాయి పెట్టలేదన్నావే?"

మల్లికార్జునం ఆ కాగితం వైపు చూశాడు. "గిన్నె అంచు ఏదో రాసుంటాను…"

"ఉండొచ్చు," రాజమోహన్ అందుకున్నాడు. "గుండుసూదితో గీకిన పొడి పట్టుకుని కోర్టుకు పోతే జడ్జి నవ్వుతాడు, కోదండం గారూ."

"పొడిని వదిలెయ్యండి. మల్లికార్జునం, ఈ దిమ్మల్ని పన్నెండు గంటలు నానబెట్టాలని వరదమ్మ అంటోంది. నువ్వేమంటావు?"

ఆ మాటకు మల్లికార్జునంలో పనివాడు పైకి లేచాడు. "పన్నెండు గంటలా! బొగ్గులు దండగ. చేతగాని వాళ్ళు చెప్పే మాటలు సార్ అవి. గంటసేపు కాల్చి, చెయ్యి తిరిగినోడు దెబ్బ ఏస్తే లొంగని లోహం ఉండాదా?"

"అయితే వెయ్యి. మా ఎదురుగా వెయ్యి. ఒకే కొలిమి, ఒకే సెగ, ఒకే సమ్మెట, చెయ్యి కూడా నీదే."

రెండు దిమ్మలూ పక్కపక్కనే కొలిమిలోకి వెళ్ళాయి. టైము పది ఇరవై. వరదమ్మ అందరికీ కనపడేలా రెండిటి మీదా సబ్బుముక్కతో గీత గీసింది. సెగ సరిపోయిందో లేదో సబ్బు చెబుతుంది. గీతలు ముందు పసుపుగా, తర్వాత గోధుమరంగుగా మారాయి. పదకొండు ఇరవైకి రెండూ ఒకేసారి నల్లబడ్డాయి. సబ్బు నల్లబడితే సమ్మెటకు సరైన సెగ అన్నమాట.

"రెండిటికీ వేడి సమానమేనని ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా."

పచ్చి పోతను మొదట పట్టకారుతో దాగలి మీదికి తెచ్చాడు. మొదటి దెబ్బకు దిమ్మ అదిరింది. రెండో దెబ్బకు అంచుల్లో వెంట్రుకల్లాంటి గీతలు లేచాయి. మూడో దెబ్బకు గీతలు నోళ్ళు తెరిచాయి. అయిదో దెబ్బకు దిమ్మ మధ్యకు చీలి, ఒక చెక్క ఎగిరి ఇన్‌స్పెక్టరు బూటు దగ్గర పడింది.

కోదండం దాన్ని జేబురుమాలుతో ఎత్తి, స్టేషన్ నుంచి తెచ్చిన విరిగిన చెవి పక్కన పెట్టాడు. అవే పటికబెల్లం పలుకులు, పలుకుల మధ్య అదే నల్లగీత.

రాజమోహన్ వంగి చూశాడు.

"దెబ్బ బిగువైంది," అని గొణిగాడు మల్లికార్జునం. "రెండోది నిదానంగా కొడతా."

"ఇంకా గట్టిగా కొట్టు అన్నా," అంది వరదమ్మ. "దానికేం కాదు."

మల్లికార్జునం రోషంగా సమ్మెట ఎత్తాడు. దెబ్బ పడింది. దిమ్మ అదరలేదు, వెన్నముద్దలా అణిగింది. ఇంకో దెబ్బకు వెడల్పయింది. మళ్ళీ కొట్టాడు, తిప్పి కొట్టాడు, అంచు మీద నిలబెట్టి కొట్టాడు. ఎటు కొడితే అటు సాగింది గాని ఎక్కడా ఒక్క గీత లేవలేదు. ఆయన తనను చూస్తున్న పోలీసుల్ని మరిచిపోయాడు. ముప్పయ్యేళ్ళ చేతులు కొత్త రుచి కనుక్కున్నట్టు కొడుతూనే ఉన్నాయి. ఆఖరికి దిమ్మ తమలపాకంత పలచనయ్యాక సమ్మెట పక్కన పెట్టి, రేకు అంచు చుట్టూ వేలితో తడిమి చూశాడు.

"అంచు కూడా పగల్లేదే!" అన్నాడు. "ఒకే పోతంట, ఒకే కొలిమంట… ఇంత తేడానా! అమ్మా వరదమ్మా, నాకు తెలీదు. దేవుడి మీద ఒట్టు, ఇంత తేడా ఉండాదని నాకు తెలీదు."

"తెలీక ఏం చేశావు?" కోదండం నెమ్మదిగా అడిగాడు.

మల్లికార్జునం దాగలి మీదే కూలబడ్డాడు. "రెండు చెవులు చేసిచ్చినాను సార్. పోయిన మంగళవారం. గంట కాల్చి కొట్టినాను. అంచులు చిట్లితే ఆకురాయి పెట్టి నున్నగా చేసినాను. పెంచలయ్య గారి సంతకంతో చీటీ వచ్చింది. పరీక్ష చెయ్యడానికి రెండు కావాల, సాయంత్రం బస్సుకు పంపించు అని ఉండింది. ఉదయగిరి బస్సు కండక్టరు చీటీ తెచ్చినాడు, ఆ బస్సులోనే పంపించినాను. పరీక్షకే గదా అనుకున్నా. స్తంభానికి బిగిస్తారని కల్లో కూడా అనుకోలేదు. ఆయన చచ్చిపోయినాడని విన్నాక నోరు పెగల్లేదు."

రాజమోహన్ చప్పున తలెత్తాడు. "మంగళవారమా? మంగళవారమంతా పెంచలయ్య నెల్లూరు ఆఫీసులో ఉన్నాడు. నేనే విచారించాను. అంటే ఆ చీటీ…"

"ఆయన రాయలేదు. ఆయన పేరుతో ఎవరో రాశారు," అన్నాడు కోదండం. "గట్టి చెవి తీసి దాని చోట ఈ చెవి పెట్టారు. పెంచలయ్య రోజూ పదిన్నరకు స్తంభం కిందికి వచ్చి తీగలు బిగించి చూస్తాడని తెలిసిన మనిషి ఎవరో."

"సార్," అంది వరదమ్మ. "రెండు చేసినానన్నాడు. ఒకటే గదా విరిగింది!"

ఆమె గోడ పక్కనున్న చిన్న సుత్తి అందుకుంది.

"రెండో స్తంభానికి కూడా ముందే నాలుగు చెవులు ఇచ్చినాను. ఇయ్యాల ఎత్తుతారంట. సాయంత్రం నాలుగు గంటలకు పైన వైర్‌లెస్ పెట్టె బిగించడానికి మనుషులు ఎక్కుతారు."

గడియారంలో పన్నెండు పది. ఉదయగిరి ముప్పయి మైళ్లు. ఆ తర్వాత కొండెక్కడానికి రెండు గంటలు.

"తంతి ఇవ్వండి!" అన్నాడు కోదండం.

"ఇస్తాను. కాని అక్కడ ఎవరున్నారు? ఉదయగిరి స్టేషనంతా అనుమసముద్రంపేట దర్గా గంధం ఉత్సవానికి బందోబస్తు పోయింది. ఒక్క కానిస్టేబులే ఉంటాడు, వాడు స్టేషన్ వదిలి రాకూడదు." రాజమోహన్ అప్పటికే జీపు వైపు నడుస్తున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నాలుగిట్లో ఏది దొంగదో నాకు తెలియదు, కోదండం గారికీ తెలియదు. వరదమ్మ గారూ, మీరు ముందు సీట్లో కూర్చోండి."

* * *

దుత్తలూరు దాటేసరికి ఒంటిగంట. కొండ మొదలుకు చేరేసరికి రెండింటికి పది నిమిషాలు తక్కువ. మెట్ల దారిలో రాళ్ళు కాలుతున్నాయి. కోదండం మూడుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. వరదమ్మ ఒక్కచోట కూడా ఆగలేదు. చెంగు నడుముకు చుట్టి, చేతిలో చిన్న సుత్తి పట్టుకుని ముందు నడుస్తూనే ఉంది.

పైకి చేరేసరికి నాలుగూ అయిదు. స్తంభం నిలబడి ఉంది. నలభై అడుగుల పైన ఇద్దరు మనుషులు నడుముకు తాళ్ళు కట్టుకుని పెట్టె బిగిస్తున్నారు. కింద పదిహేనుమంది కూలీలు ఉన్నారు.

"దిగండిరా! దిగండి!" అని అరవబోయాడు రాజమోహన్. వరదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సార్. దిగేటప్పుడే తీగలు ఊగుతాయి. ముందు చూడనియ్యండి." తల పైకెత్తి, "అన్నా, మీరిద్దరూ కదలొద్దు! ఎక్కడోళ్ళు అక్కడే ఉండండి!" అని కేకేసింది. ఆ గొంతులో ఏముందో గాని, పైన ఇద్దరూ బొమ్మల్లా ఆగిపోయారు.

ఆమె తూర్పు చెవి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని సుత్తితో మెల్లగా తట్టింది. ఖంగుమని నిండుగా మోగింది. దక్షిణం చెవి దగ్గరికి పోయి తట్టింది, అదీ ఖంగుమంది. ఉత్తరమూ అంతే. పడమటి చెవి మీద తట్టింది. పగిలిన కుండను తట్టినట్టు చప్పగా పలికింది.

"ఇదే సార్."

ఇన్‌స్పెక్టరు చెయ్యి చాచబోతే, "ముట్టుకోవద్దు," అంది. కూలీల దగ్గర కొబ్బరిపీచు మోకు తీసుకుని, చెవి పైన తీగకే ముడి వేసి, వెనకాల ఉన్న బండకు మూడు చుట్లు చుట్టి, పదిమంది చేత లాగించి బిగించింది. బరువు చెవి మీంచి మోకు మీదికి మారింది. అప్పుడు తలెత్తి, "ఒకరి తర్వాత ఒకరు. నిదానంగా దిగండన్నా," అంది. ఇద్దరూ దిగారు. రెండోవాడి పాదాలు నేలకు తగిలాక గాని రాజమోహన్ ఊపిరి వదల్లేదు.

కోదండం మాత్రం అప్పుడు స్తంభాన్ని చూడడం లేదు. మనుషుల్ని చూస్తున్నాడు. పడమటి చెవి విరిగితే స్తంభం తూర్పుకే పడుతుంది. సాయంకాలం ఎండకు బండల నీడ తూర్పున పరుచుకుని ఉంది. కూలీలు, మంచినీళ్ళ కుండలు, సామాను అన్నీ ఆ నీడలోనే ఉన్నాయి. కొండ మీద ఒకే ఒక్క మనిషి పడమటి పక్క, మండే ఎండలో, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. కాళ్ళ దగ్గర ఒక గుడ్డసంచి ఉంది.

కోదండం నడుచుకుంటూ ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"కాంట్రాక్టరు గారూ, నమస్కారం. పెంచలయ్య శుక్రవారం ఇవ్వాల్సిన రిపోర్టు మీ పని మీదే గదా?"

"స్తంభాల పునాదుల గురించి ఏదో రాశాడంటారు. నాకేం తెలుసు?" శ్రీమన్నారాయణ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పోనీలెండి. ఇంకొకటి అడుగుతాను. అంత నీడ అక్కడుండగా మీరొక్కరే ఎండలో ఎందుకు కూర్చున్నారు?"

శ్రీమన్నారాయణ కళ్ళు స్తంభం కొనకు, అక్కణ్ణించి నీడలో నిలబడ్డ కూలీల మీదికి వెళ్ళి, ఆఖరుకు సంచి మీద వాలాయి. చెయ్యి దాని వైపు కదిలింది. రాజమోహన్ బూటుకాలు అంతకన్నా ముందే సంచి మీద పడింది. లోపల తువ్వాల్లో చుట్టి, పొద్దున స్తంభం ఎత్తకముందు విప్పేసిన గట్టి చెవి ఉంది. దాని కింద, పెంచలయ్య చేతిరాతతో మడతలు పడిన నాలుగు కాగితాలు. పునాదుల్లో కాంట్రాక్టరు చేసిన మోసం లెక్కంతా వాటిలో ఉంది.

"రెండో స్తంభం కూడా కూలితే నేరం వరదమ్మ గారి మీదే ఖాయమవుతుందనుకున్నారు. లేవండి," అన్నాడు రాజమోహన్.

కూలీలు దగ్గరికి చేరారు. పైనుంచి దిగిన ఇద్దరిలో పెద్దవాడు వరదమ్మ ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

రాజమోహన్ ఖాళీ అయిన కుర్చీని తనే ఎత్తి తీసుకెళ్ళి నీడలో వేశాడు. వరదమ్మ పేరు మీద రాసి జేబులో పెట్టుకున్న వారంటు తీసి నాలుగు ముక్కలు చేశాడు.

"కూర్చోండమ్మా. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు."

"ఇప్పుడెక్కడ కూర్చునేది సార్?" అంది వరదమ్మ, కూలీల పెట్టెలో పానా వెతుక్కుంటూ. "మోకు ఎంతసేపని ఆపుతాది? గాలి లేచేలోగా ఆ చెవి మార్చాల. ఆ సంచిలోది ఇట్లా ఇయ్యండి."

ఇన్‌స్పెక్టరు ఆ చెవిని రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఆమె పక్కన బండ మీద మోకరిల్లాడు.

"ఎటు పట్టుకోమంటారు?" అని అడిగాడు.